నాకు రెండున్నాయి కదా

మార్చి 3

ఒరేయ్ అల్లుడూ,

ఈ కవరు చేతికి రాగానే అటూ ఇటూ తిప్పి, ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందా అని వెతుకుతుంటావు. నొక్కకు. చించు.

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు బొటనవేలి సంగతి తేలాలి. మొన్న మీ అమ్మ మురిసిపోతూ వచ్చి, నీ దగ్గర్నుంచి జవాబొచ్చిందని ఫోను నా ముక్కు ముందు పెట్టింది. కళ్ళజోడు తగిలించుకుని చూద్దును కదా, పచ్చటి బొటనవేలొకటి నిటారుగా నిలబడి ఉంది. ముందొక మాట లేదు, వెనకొక మాట లేదు. "ఇదేంటే?" అన్నాను. "ఒప్పుకున్నాడన్నయ్యా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా తాత వేలిముద్రగాడు. సంతకం రాని సిగ్గుతో మా నాన్నని తన్ని బడికి పంపాడు. మా నాన్న సంతకం దాకా వచ్చాడు. నేను తంతి ఆఫీసులో టెలిగ్రాములు పంపేదాకా వచ్చాను. నువ్వు పెద్ద చదువులు చదివి, అద్దాల మేడలో ఉద్యోగం సంపాదించి, తిరిగి తిరిగి మళ్ళీ మా తాత దగ్గరికే చేరావు. ఇంతమందిమి కష్టపడి కడుక్కున్న వేలు మళ్ళీ ముంచావు. ఆయన వేలికి కనీసం సిరా అంటేది.

పోయినసారి వచ్చినప్పుడు నీ తీరంతా చూశాను. కళ్ళు తెరవక ముందే చెయ్యి దిండు కింద తడుముతుంది. వాన పడుతోందా అంటే, పక్కనే కిటికీ ఉండగా ఫోనులో చూశావు. "ఇందులో వాన లేదే" అని బయల్దేరి, తడిసి ముద్దై తిరిగొచ్చి, అప్పుడు కూడా "ఇందులో మాత్రం లేదు" అన్నావు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వస్తున్న మా వీధికి ఫోనులో ఆడమనిషిని దారి అడిగావు. ఆవిడ ఎడమ పక్కకి తిరగమంటే తిరిగి ఎదురింటి వాళ్ళ కారు షెడ్డులో తేలావు. అన్నిటికన్నా ఘోరం, మీ అమ్మ పంపే మాటల్ని రెండింతల వేగంతో పెట్టుకుని వినడం. కన్నతల్లి గొంతు ఎలుకపిల్ల కీచుల్లా వినబడుతుంటే నువ్వు పళ్ళు తోముకుంటున్నావు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను.

నా సంగతి మీ అమ్మ నీకు ఎప్పటికప్పుడు చెబుతూనే ఉందట కాబట్టి ఏకరువు పెట్టను. వారానికి మూడు పూటలు యంత్రం పక్కన కుర్చీలో కూర్చోవడమే ఇప్పుడు నా ఉద్యోగం.

అసలు విషయం. మీ అమ్మ తనకున్న రెండింట్లో ఒకటి నాకిస్తానంటోంది. అది చేబదులు కాదు, మళ్ళీ తిరిగి ఇచ్చేది కాదు. అలాంటిదాన్ని నీ బొటనవేలి మీద నేను పుచ్చుకోను. విను, ఆలోచించు, నీ చేత్తో కర్త, కర్మ, క్రియ అన్నీ పెట్టి రాయి. అది అందేదాకా నేను ఊ అనేది లేదు.

ఇట్లు,
నీ తంతి మామయ్య

చిన్నప్పుడు మీరంతా ఆ పేరు పెట్టింది నా ఉద్యోగాన్ని చూసి. జవాబు రాకపోతే ఆ పేరుకి ఇంకో అర్థం ఉందని తెలుస్తుంది.


మార్చి 11

మామయ్య గారికి నమస్కారాలు.

మా ఆఫీసంతా వెతికితే ఒక్కటే పెన్ను దొరికింది. అది గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనది, బల్లకి దారంతో కట్టేసి ఉంది. అందుకని గేటు దగ్గరే నిలబడి రాస్తున్నాను. దారం పొట్టిది కావడంతో అక్షరాలు ఒక పక్కకి లాగుతున్నాయి, ఏమీ అనుకోకండి. తప్పు రాస్తే కింద ఎర్రగీత రాదు కాబట్టి ఏది తప్పో కూడా తెలియడం లేదు. 'క్ష' ఎలా రాయాలో మర్చిపోయి ఫోనులో చూసుకున్నాను. ఇది చెప్పకుండా ఉండాల్సింది.

బొటనవేలు అవమానం కాదు మామయ్యా. మా మేనేజరుకి కూడా అదే పెడతాను. పెట్టకపోతేనే కోపం వచ్చిందనుకుంటారు. ఏ మెసేజి వచ్చినా ఫోనే కింద మూడు జవాబులు చూపిస్తుంది, అందులో ఒకటి నొక్కుతాం. నా ఉద్యోగం కూడా అంతే. సామాను పగిలిపోయిందనో, రాలేదనో జనం తిడుతూ రాస్తుంటారు. తయారుగా ఉన్న వాక్యాల్లో సరిపోయేది ఏరి నేను పంపుతుంటాను. రోజంతా అదే పని చేశాక ఇంటికొచ్చి కొత్త వాక్యాలు తయారుచేసే ఓపిక ఎవరికుంటుంది?

ఇక అసలు విషయం. దీనికింత గొడవెందుకండీ? నిరభ్యంతరంగా తీసుకోండి. ఇంట్లో ఊరికే పడి ఉంది. అమ్మ ఎక్కడికి వెళ్తుంది గనక, తనకి ఒకటి చాలు. అవసరమైతే రెండూ తీసుకున్నా నేనేమీ అనుకోను. ఈసారి వచ్చేటప్పుడు అమ్మకి కొత్తది తెస్తాను, ఇప్పుడు ఇంకా తేలికైనవి వస్తున్నాయి. మీరు మాత్రం నలుపుదే తీసుకోండి. నీలంది చూడ్డానికి బావుంటుంది గానీ జిప్పు పట్టేస్తుంది, ఒక చక్రం కూడా సరిగ్గా తిరగదు.

ఇంతకీ ప్రయాణం ఎక్కడికి?

ఈ వయసులో కూడా యంత్రం ముందు కూర్చుని కొత్త పని నేర్చుకుంటున్నారంటే చాలా సంతోషం. ఫోనంటేనే గిట్టని మీరు! ఒక్క సలహా. అన్నేసి గంటలు కదలకుండా కూర్చుంటే మెడ పట్టేస్తుంది. మధ్యమధ్యలో లేచి అటూ ఇటూ తిరుగుతూ ఉండండి.

మీ మేనల్లుడు


మార్చి 16

శ్రీమాన్ పెట్టెల వ్యాపారి గారికి,

తమరి లేఖ అందింది. ప్రయాణం ఎక్కడికని అడిగారు. మీ అమ్మ ఇస్తానన్నది నేను తీసుకోకపోతే, కాస్త తొందరగా పైకి.

ఒరేయ్, అది పెట్టె కాదురా. కిడ్నీ. దానికి చక్రాలుండవు. నలుపూ నీలం ఏరుకోమనరు.

నా రెండు కిడ్నీలూ పోయిన వానాకాలంలోనే చేతులెత్తేశాయి. నేను కూర్చునేది ఆసుపత్రిలో. ఒంట్లో రక్తాన్ని గొట్టంలోంచి యంత్రంలోకి పంపి, కడిగి, మళ్ళీ నాలోకి ఎక్కిస్తారు. మధ్యలో లేచి అటూ ఇటూ తిరగమన్నావు. తిరిగితే నేనో పక్క, నా రక్తమో పక్క ఉంటాం. మెడ మాత్రం బాగానే ఉంది, అడిగినందుకు సంతోషం.

నీ ఉత్తరాన్ని అక్కడి నర్సుకి చదివి వినిపించాను. జిప్పు దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల గోడ పట్టుకుని నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని "పాపం" అంది. ఆ పాపం నాకు కాదు, మీ అమ్మకి.

ఆర్నెల్లుగా ఆవిడ నీకు అన్నీ చెబుతూనే ఉంది. నాకు కాళ్ళు వాచిన సంగతి, పరీక్షల సంగతి, తన రక్తం నా రక్తంతో సరిపడిన సంగతి. అన్నిటికీ నీ వేలు నిలబడింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని ఊరికే అన్నారా? చెవిటివాడు నయం, వినబడలేదని ముఖం మీదే తెలిసిపోతుంది. నువ్వు వేలు చూపించి విన్నట్టు నటించావు. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించలేదు. తల్లి అవయవాన్ని నువ్వు పాత సామాన్ల కింద జమకట్టావని ఆవిడకి చెప్పడానికి నాకే సిగ్గేసింది.

ఇప్పుడు ఆవిడ పంపినవన్నీ విను. మనిషి మాట్లాడే వేగంతో విను. పళ్ళు ముందే తోముకుని కూర్చో. అప్పుడు రాయి, తీసుకోమనో వద్దనో.

నీ మేనమామ


మార్చి 25

మామయ్యా,

మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.

ఈ వాక్యం నేను ఆలోచించి రాయలేదు, చెయ్యి దానంతటదే రాసేసింది. మీరు తిట్టుకోవడానికి వీలుగా కొట్టేయకుండా ఉంచుతున్నాను. పెన్ను నాదే, కొన్నాను.

అన్నీ విన్నాను. ఆదివారమంతా మేడమెట్ల మీద కూర్చుని విన్నాను. అమ్మ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని ఇన్నాళ్ళూ నా నమ్మకం. కాదు. ప్రతి నాలుగు మాటలకీ ఆగుతుంది. మొదట నా ఫోను ఆగిపోతోందనుకున్నాను. తర్వాత అర్థమైంది, నేను ఊ కొడతానేమోనని ఆగుతోంది. ఎదురుగా లేని మనిషి ఊ కొట్టేంత సందు వదిలి, కాసేపు చూసి, మళ్ళీ మొదలుపెడుతోంది. రెండింతల వేగంలో ఆ సందులన్నీ మూసుకుపోయాయి.

నేను బొటనవేలు పెట్టిన ఆ మెసేజి కూడా విన్నాను. వంటింటి కుళాయి కారుతోందన్న మాటకీ, పక్కింటివాళ్ళు గోడ ఎత్తు పెంచుతున్నారన్న మాటకీ మధ్యలో ఉంది. "నాకు రెండున్నాయి కదా, అన్నయ్యకొకటి ఇచ్చేద్దామనుకుంటున్నానురా." దాని ముందు మీరు ఆసుపత్రికి బట్టలు సర్దుకోవాలన్న మాట ఉంది. నాకు బట్టలు వినబడ్డాయి, ఆసుపత్రి వినబడలేదు. అందుకే పెట్టెలనుకున్నాను. సమర్థించుకోవడం లేదు, ఎలా జరిగిందో చెబుతున్నాను.

ఇప్పుడు జవాబు. కర్త నేను. కర్మ మా అమ్మ. క్రియ, ఒప్పుకోను.

మీరంటే ప్రేమ లేక కాదు. నాన్న ఆపరేషనుకని లోపలికి వెళ్ళి బయటికి రాలేదు. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర ఉండిపోతే నేనే సంచిలో పెట్టుకొచ్చాను. అమ్మ చెప్పులు అలా మోసుకురావడం నా వల్ల కాదు. ఏ జబ్బూ లేని మనిషిని కత్తి కింద పడుకోబెడతారా? నాకున్నది ఒక్క అమ్మ. ఆవిడకి రెండున్నాయేమో గానీ నాకు రెండు లేవు.

ఇంకో మాట కూడా రాస్తాను, కోపం వస్తే రానివ్వండి. నా బొటనవేలిని ఇంత ఎద్దేవా చేశారు, మరి మీరు? "యంత్రం పక్కన కుర్చీ" అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? కిడ్నీ పాడైందని రాయడానికి మీ పెన్నుకి ఏం బరువైంది? ఉద్యోగమంతా మాటకింత అని ఊళ్ళోవాళ్ళ మాటలు కత్తిరించి కత్తిరించి, ఇంట్లోవాళ్ళకి కూడా టెలిగ్రాములే ఇచ్చారు. తాతలెవరో వేలిముద్ర వేశారని వెక్కిరించడానికి మాత్రం పేజీలు దొరుకుతాయి మీకు.

మీ మేనల్లుడు


ఏప్రిల్ 1

అల్లుడూ,

కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నోరు మూసుకుని బొటనవేలు పుచ్చుకుని ఉంటే కిడ్నీ వచ్చేది. ఉత్తరం రాయమని ప్రాణం తీశాను. ఉత్తరం వచ్చింది, కిడ్నీ పోయింది.

అక్షరదోషాలు చాలా ఉన్నాయి. అయినా నీ చేతి నుంచి వచ్చినవాటిల్లో ఇదొక్కటే ఉత్తరంలా ఉంది. టెలిగ్రాముల మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే రాశావు కాబట్టి నీ కష్టం ఫలించింది.

నువ్వు వద్దన్నావు కాబట్టి డాక్టరుకి వద్దని చెప్పేశాను. యంత్రంతో గడిచినన్నాళ్ళు గడుస్తుంది. ఎన్నాళ్ళని అడిగితే ఆయన నా భుజం తట్టాడు. ఆయనా నీ జాతివాడే.

ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మకి చదివి వినిపించాను. ఏడుస్తుందనుకుంటే నవ్వింది. "వాణ్ణి నేను అడగలేదన్నయ్యా, చెప్పానంతే. సరిగ్గా వింటే వద్దంటాడు, వినకపోతే వేలు పెడతాడు. అందుకే కుళాయికీ గోడకీ మధ్యలో ఇరికించి, రెండున్నాయి కదా అని ఊరుకున్నాను. నా కొడుకు సంగతి నాకు తెలీదా?" అంది. చూశావా! మనిద్దరం ఒకరి వేలు ఒకరు వెక్కిరించుకుంటున్నాం, ఆవిడ ఆ వేలు పట్టుకుని తన పని చక్కబెట్టుకుంది. పది మంది పెద్దమనుషుల్ని కూర్చోబెట్టినా ఇంత తేలిగ్గా ఒప్పించలేరు. నేనే పెద్దరికానికి పోయి చెడగొట్టాను.

వద్దని డాక్టరుకి చెప్పిన దగ్గర్నుంచి నాతో మాటలు మానేసింది. ఆసుపత్రికి వస్తుంది. నా కుర్చీ పక్కనే, గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. మా వీధి కబుర్ల దగ్గర్నుంచి మీ ఇంటి కుళాయి దాకా ఆర్నెల్లుగా ఆగకుండా సాగిన నోరు అది. ఇప్పుడు ఆగిపోయింది. ఆ యంత్రం ఇంత చప్పుడు చేస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

ఆవిడకి ఫోను చెయ్యి. నా అంతటివాణ్ణి నేనే చెబుతున్నాను. వేలు కాదు, ఉత్తరం కాదు. మాట్లాడు.

నీ మామయ్య


ఏప్రిల్ 14

మామయ్యా,

ఫోను చేశాను. ఎత్తగానే అమ్మ "ఏమైందిరా? ఎక్కడున్నావు? పక్కన ఎవరున్నారు?" అంది. నేను గొంతుతో పలకరిస్తే ఏదో ప్రమాదం జరిగిందనుకునే స్థితికి తెచ్చాను ఆవిణ్ణి.

అంతకు ముందే ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళాను. నాది మీకు ఇవ్వొచ్చేమో అడుగుదామని. రక్తం గ్రూపు దగ్గరే కుదరదన్నారు. నాది ఇచ్చినా ఛార్జింగు నిలవదని మీరు అనేవారేమో. ఆ డాక్టరు మాత్రం కంప్యూటరు పక్కకి నెట్టి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. పరీక్షలన్నీ బావుంటే మనిషి ఒక్కదానితో నిండుగా బతుకుతుందని, ప్రమాదం అసలు లేదని మాత్రం అననని చెప్పింది. ఆ రెండో మాట చెప్పినందుకే మొదటి మాట నమ్మాను.

అమ్మని తిన్నగా అడిగాను. "ఎందుకమ్మా నీకీ పట్టుదల? అన్న మీద ప్రేమంటే అందరికీ ఉంటుంది, ఇదేంటి?" అన్నాను.

అలవాటు ప్రకారం ఊ కోసం ఆగిందనుకుని ఊ అన్నాను. అప్పుడు చెప్పింది.

"మీ నాన్న పేపరు అడ్డం పెట్టుకుని ఊ కొట్టారు. నువ్వు వేలు పెడతావు. నేను చెప్పేది మొదట్నించీ చివరిదాకా విని, మధ్యలో తిట్టి, మర్నాడు గుర్తుపెట్టుకుని మళ్ళీ అడిగేది అన్నయ్యే. కిడ్నీలు నాకు రెండున్నాయిరా. వినేవాడు ఒక్కడే."

ఫోను పెట్టేసి ఈ కాగితం తీశాను.

పాత జవాబు కొట్టేస్తున్నాను. కర్త నేను, కర్మ మా అమ్మ అని రాశాను. వ్యాకరణం తప్పింది. కర్త మా అమ్మే. కిడ్నీ ఆవిడది, నిర్ణయం ఆవిడది. మధ్యలో మీరు నన్ను అడగడమేంటి, నేను ఒప్పుకోకపోవడమేంటి? ఈ విషయంలో మనిద్దరికీ కలిపి ఒక తన్ను బాకీ ఉంది.

భయం మాత్రం పోలేదు. దానికి ఏ డాక్టరూ బొమ్మ గీయలేరు. సెలవు పెట్టి వస్తున్నాను, ఆపరేషనుకి ముందు నుంచీ దగ్గరే ఉంటాను. ఆవిడ చెప్పులు నేనే పట్టుకుంటాను, తిరిగి నేనే తొడుగుతాను. డాక్టరుకి సరేనని చెప్పండి.

మీ మేనల్లుడు


ఏప్రిల్ 19

చెప్పాను. మీ అమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. మానేసిన రోజుల బాకీ అంతా కలిపి తీరుస్తోంది, యంత్రం చప్పుడు మళ్ళీ వినబడటం లేదు. వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకో, నీ ఫోనులో వాన లేకపోయినా సరే. మా వీధిలో ఎడమ పక్కకి తిరగకు.

మామయ్య


జులై 9
స్త్రీల వార్డు, రెండో అంతస్తు

మామయ్యా,

ఆపరేషను అయిపోయినా మీ గదిలోకి నన్ను రానివ్వడం లేదు. ఎవరి ఊపిరీ మీకు తగలకూడదట. ఫోను లోపలికి తేకూడదని నాది గేటు దగ్గరే పెట్టించేశారు. ఉదయం నుంచీ నా చెయ్యి ఖాళీ జేబు తడుముతూనే ఉంది. మీరు చూసి ఉంటే ఇంకో నాలుగు పేజీలు రాసేవారు. డ్యూటీ నర్సు ఈ చీటీని మీ గది అద్దానికి ఆనించి పట్టుకుంటానంది కాబట్టి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

అమ్మ బావుంది. నొప్పి ఉంది, అయినా లేచి కూర్చుంది. పొద్దున్న చెప్పులు తొడిగాను, నన్ను పట్టుకుని తలుపు దాకా నడిచింది. తర్వాత మాటలు మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చుని అన్నీ వింటున్నాను, ఆవిడ వేగంతోనే. పక్కింటి గోడ పూర్తయిందట. కుళాయి ఇంకా కారుతూనే ఉందట. సందు వదిలిన చోటల్లా ఊ కొడుతున్నాను. రెండు చోట్ల పొరపాటున ముందే కొట్టేస్తే "ఉండరా, ఇంకా అవలేదు" అంది. మీ అంత బాగా తిట్టడం ఇంకా రాలేదు.

మీకు పెట్టిన కిడ్నీ పనిచేస్తోందని డాక్టర్లు ఇద్దరూ చెప్పారు, నర్సులు చెప్పారు, నేను చెప్పాను. అమ్మ ఎవర్నీ నమ్మడం లేదు. "అన్నయ్య దగ్గర్నుంచి ఏదో ఒకటి వస్తేనే నమ్ముతాను" అంటోంది. అన్నం కూడా ముట్టడం లేదు. ఒక్క ముక్క రాయండి. ఎంత పొట్టిగా ఉన్నా ఈసారి నేనేమీ అనను.

మీ మేనల్లుడు


జులై 9

ఊదారంగు సిరాతో కాగితం మధ్యలో ఒక బొటనవేలి ముద్ర. దాని కింద వేరే చేతిరాత:

పెద్దాయన కుడిచేతికి సూది ఉంది, రాయడానికి వీల్లేదని చెప్పాం. మా బల్ల మీది స్టాంపు ప్యాడు తెప్పించమని గొడవ చేసి ఎడమచేత్తో ఇది వేశారు. మీ చీటీ అద్దంలోంచి పైనుంచి కింద దాకా రెండుసార్లు చదివారు. "మొత్తం చదివాకే వేశాడని రాయి, లేకపోతే వాడు నమ్మడు" అంటున్నారు. అందుకే రాస్తున్నాను. మొత్తం చదివారు.

డ్యూటీ నర్సు